గాలిమర ఇంటివాళ్లు

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి నాలుగైదు పేజీలు కూడా ఊడిపోయాయి కాబట్టి దాని పేరేమిటో, రాసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. తొంభైల చివర్లో నేను అనంతపురంలో బి.ఎ. చదువుతున్నప్పుడు, టవర్ క్లాక్ దగ్గర పాత పుస్తకాలు పరుచుకుని అమ్మే ఆయన, నేను రెండు గైడ్లు కొంటే దీన్ని కొసరుగా పడేశాడు. ఇటుకంత లావు. ఇంగ్లీషు. అమెరికాలో ఎక్కడో చెట్టూ చేమా లేని మైదానంలో సేద్యం చేసుకున్న ఒక కుటుంబం కథ. తాత రైలు దిగి గుడిసె వేసుకోవడంతో మొదలై మునిమనవల దాకా, దాదాపు నూరేళ్లు నడుస్తుంది. హాస్టల్లో నా స్నేహితురాళ్లు దాన్ని తలగడ ఎత్తు పెంచుకోవడానికి తప్ప ఇంకెందుకూ ముట్టుకోలేదు.

నేను మాత్రం ఆ వేసవి సెలవులకు దాన్ని ఊరికి మోసుకుపోయాను. చదవాలనే కోరిక కొంత, పని తప్పించుకోవచ్చనే ఆశ చాలా. మే నెల వచ్చిందంటే మా ఇంట్లో విత్తనం ఒలుపు. మాది కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల. వాన పడితే శనక్కాయ, పడకపోతే బీడు. విత్తనానికి దాచిన కాయను మిషన్లో వేయరు. మిషన్లో పప్పు ముక్కు విరుగుతుంది, ముక్కు విరిగిన పప్పు మొలవదు. అందుకని పడసాలలో కాయలు కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, ఇంటి ఆడవాళ్లూ ఇరుగుపొరుగూ చుట్టూ కూర్చుని చేత్తోనే ఒలవాలి. సాయంత్రానికి బొటనవేలి గోరు కింద మంట పుడుతుంది. ఇప్పుడు ఆ మంట తలుచుకుంటే తియ్యగా ఉంది. అప్పుడు మాత్రం ఏమీ తియ్యగా లేదు.

నేను గోడకు ఆనుకుని పుస్తకం తెరిచిన మొదటి రోజే మా అవ్వ పట్టేసింది. అవ్వ అంటే మా నాయనకు అమ్మ. చూపు మందగించినా, ఒలుపు దగ్గర ఎవరి చేతులు ఆడుతున్నాయో ఎవరివి ఆడడం లేదో చప్పుడును బట్టి చెప్పేది.

“ఏం పాపా, చేతులు ఊరికే పెట్టుకోని కూసున్నావు?”

“చదువుకుంటాండానవ్వా.”

“ఏముండాది దాంట్లో? చదివితే మాకూ చెప్పు. లేకుంటే చేట దగ్గరికి లాక్కో.”

చేట లాక్కోవడం కంటే తెలుగు చేయడమే సులువనిపించింది. మొదటి వాక్యం చెప్పాను. ఆ ఏడు కూడా వాన రాలేదు.

పడసాలలో చేతులన్నీ ఆగిపోయాయి.

“యాడ? అమెరికాలోనా?” అంది అవ్వ.

“ఆ.”

“అమెరికాలో వాన రాదా?”

“రాదంట. గాలికి దుమ్ము లేస్తాదంట. పొద్దున్నే లేసి చూస్తే పొయ్యి మీద, బువ్వలో, పిల్లోళ్ల చెవుల్లో అంతా మన్నే.”

అవ్వ చేట పక్కకు జరిపి, “వాళ్లేమిటోళ్లు?” అని అడిగింది.

“సేద్యగాళ్లవ్వా.”

“అట్లయితే మనోళ్లే. చదువు.”

ఆ ఒక్క మాటతో ఆ కుటుంబం మా ఇంట్లోకి వచ్చేసింది. పేర్లతో మాత్రం రాలేదు. ఆ పేర్లకు అవ్వ నోరు తిరగలేదు, తిప్పుకోవాల్సిన అవసరం ఉందని ఆమె అనుకోనూ లేదు. వాళ్ల పొలంలో ఒక గాలిమర ఉంది. అది తిరిగితే బావిలోంచి నీళ్లు తొట్టిలోకి వస్తాయి. “రామగిరి కొండల మీద పెట్టినారే, అట్లాంటివా?” అని పక్కింటి పెద్దమ్మ అడిగింది. అవి కరెంటుకు, ఇది నీళ్లకు అని చెప్పాను. “గాలితో నీళ్లొచ్చేదుంటే మనమెందుకప్పా బోర్లేసి చచ్చేది?” అని ఆమె చాలాసేపు బాధపడింది. అప్పటి నుంచి వాళ్లు గాలిమర ఇంటివాళ్లు. ముసలాయన గాలిమర తాత. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు ‘ఆ అన్న’. కూతురు రైల్వేలో పనిచేసే అతన్ని పెళ్లి చేసుకుని వేరే ఊరికి పోయింది కాబట్టి ‘రైలాయన పెండ్లాము’.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను చదవడం, వాళ్లు ఒలవడం. నా పక్కన డిక్షనరీ ఉండేది. అందులో కూడా దొరకని మాటకు అవ్వ దగ్గర జవాబు ఉండేది. గోధుమ పొలానికి పట్టిన తెగులు పేరు నాకు తెలియకపోతే, “ఆకు ఎట్లయిందన్నావు? పసుపుపచ్చ మచ్చలా? ఆ, తెలిసింది తెలిసింది, ముందుకు పో” అనేది. అది ఏమి తెగులో నాకు ఇప్పటికీ తెలియదు, ఆమెకు మాత్రం తెలిసిపోయింది. గాలిమర తాత పోయిన రోజు పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా అమ్మ మధ్యలో లేచిపోయి అందరికీ టీ పెట్టుకొచ్చింది, చావు ఇంటికి పోయి వచ్చినట్టు.

మా నాయన ఈ గుంపులో కూర్చునేవాడు కాదు. బయట అరుగు మీద కూర్చుని గొర్రుకు కట్టే తాళ్లు పేనుకునేవాడు. గొర్రు అంటే విత్తనం వేసే పనిముట్టు. పైన చెక్క గిన్నె ఉంటుంది. అందులో పప్పులు వదిలితే వెదురు గొట్టాల గుండా సాలులో పడతాయి. “పని ల్యానోళ్ల కతలు” అని విసుక్కునేవాడు నాయన. కానీ నేను గమనించాను, కథ నడిచినంతసేపూ తాడు ఒక్క మూర కూడా పెరిగేది కాదు.

ఆ కథలో రైలాయన పెండ్లాము ప్రతి ఏడూ ఎండాకాలంలో కూతుర్ని తీసుకుని అన్న ఇంటికి వస్తుంది. ఈ అన్నకు ఒక కొడుకు. ఆ పిల్లవాడూ ఈ పిల్లా గాలిమర కింది తొట్టిలో ఈదుతారు, ఒకే గుర్రమెక్కి తిరుగుతారు. అది చదివిన రోజే మా పడసాలలో పెళ్లి కుదిరిపోయింది. మేనమామ కొడుకు, మేనత్త కూతురు. ఇంక అడిగేదేముంది? సగం మంది పిల్లవాని తరపు, సగం మంది పిల్ల తరపు. పిల్ల పొడుగు ఎక్కువని పెద్దమ్మ వంక పెట్టింది. “పొడుగైతే ఏం, దంటు పైన ఉండే జొన్నలు అందుకుంటాది” అని అవ్వ కొట్టిపారేసింది. వాళ్ల దేశంలో అట్లా చేసుకోరని నేను చెబితే, “చేసుకోకపోతే మరెవరికిస్తారు?” అని అందరూ నన్నే తెలివితక్కువదాన్ని చేశారు.

అవ్వకు ఆ పెళ్లి మీద అంత పట్టు ఎందుకో ఆ పడసాలలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

నాకు ఒక్కతే మేనత్త. నాయనకు చెల్లెలు. కంబదూరులో ఇచ్చారు, మా ఊరికి రెండు బస్సుల దూరం. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏటా తొలివాన పడి విత్తేటప్పుడు, గొర్రు మీది గిన్నెలో మొదటి గుప్పెడు ఇంటి ఆడబిడ్డే వేయాలి. ఎక్కడికిచ్చినా, ఎంత పని ఉన్నా వస్తుంది, గుప్పెడు విత్తనం వేస్తుంది, బొట్టు పెట్టించుకుని పోతుంది. మా అత్త అట్లా ఏటా వచ్చేది. చెప్పులు చేతపట్టుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, నాయన నడిపే ఎద్దుల వెనక నడుస్తూ ఆయన్ని తిడుతూ ఉండేది. సాలు వంకరపోతాంది చూసుకో, నీ చూపు యాడుండాది, అని. ఊళ్లో నాయనను అట్లా తిట్టగలిగిన మనిషి ఆమె ఒక్కతే. నాయనకు అది ఎంత ఇష్టమో ఆయన మొహం చూస్తే తెలిసేది.

మా అన్నయ్యకు అత్త కూతురే అని అందరూ అనుకుంటూ వచ్చారు. అన్నయ్య బెంగళూరులో ఉద్యోగంలో చేరి, తనతో పనిచేసే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. నాయన సరే అన్నాడు. దానికి అత్త కోప్పడలేదు. మా వైపు ఇంకొక పద్ధతి ఉంది. పిల్లను చేసుకున్నా చేసుకోకపోయినా, మేనమామ ముందు చెల్లెలి ఇంటికి పోయి ఆకు వక్క పెట్టి అడగాలి. ఆయన అడగనిదే ఆ పిల్లను వేరేచోట ఇవ్వడం మర్యాద కాదు. అత్త ఆ మాట కోసమే కాచుకుని, వచ్చిన సంబంధాలను వెనక్కి పంపుతూ ఉంది. నాయన పోలేదు. చేసుకునేది లేనప్పుడు అడగడం అబద్ధం కాదా అన్నది ఆయన వాదన. చివరికి అన్నయ్య పెళ్లి కార్డు కంబదూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించాడు. అత్త పెళ్లికి రాలేదు. ఆ ఏడు విత్తడానికీ రాలేదు, ఆ తర్వాత ఏడూ రాలేదు. తన కూతురికి పెళ్లి చేసుకుంది, మాకు చెప్పలేదు. విత్తే రోజు మా అమ్మే గుప్పెడు వేసేది. అవ్వ అటు చూసేది కాదు.

జూన్ దగ్గర పడుతుండగా కథ అసలు చోటికి వచ్చింది. పిల్లవాడు యుద్ధానికి పోయాడు. అక్కడ ఆసుపత్రిలో తనను చూసుకున్న నర్సును పెళ్లి చేసుకుని వచ్చాడు. ఆ పక్క పేజీల్లోనే ఆ అన్న గాలిమర ఉన్న పొలాన్ని చెల్లెలికి చెప్పకుండా అమ్మేశాడు. ఆ సంగతి ఆమెకు బయటివాళ్ల ద్వారా తెలిసింది. అప్పటి నుంచి రైలాయన పెండ్లాము అన్న ఇంటికి రావడం మానేసింది.

“అబద్ధం,” అంది అవ్వ.

“ఏందవ్వా అబద్ధం?”

“పొలం అమ్మితే ఆడబిడ్డ వస్తుంది, తిడుతుంది, మన్నెత్తి పోస్తుంది, మళ్లా వస్తుంది. వచ్చేది మానుకోదు. పిల్లను అడగల్యా. అదీ సంగతి.”

“పుస్తకంలో అట్ల ల్యాదవ్వా. పొలమనే రాసినారు.”

“రాసినోళ్లకు ఇంట్లో సంగతి ఏం తెలుస్తాది? బయటికి పొలమనే చెప్పుకుంటారు. ఆ అన్న ఒక్కనాడన్నా పోయి, మ్మా, నా కొడుకు ఇట్ల చేసుకుంటాండాడు, నువ్వేమంటావు అని అడిగినాడా? చూడు, ఆ పేజీల్లో యాడన్నా ఉండాదా?”

వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా లేదు. లేదని చెప్పాల్సి వచ్చింది.

అప్పుడు బయట అరుగు మీది నుంచి నాయన గొంతు వినిపించింది. కథ మొదలైన ఇన్ని రోజుల్లో ఆయన నోరు తెరవడం అదే మొదలు.

“ఆ దేశంలో ఆ పద్ధతి లేదు కదమ్మా. వానికేం తెలుసు?”

అవ్వ ఒలిచిన పప్పును చేటలో వేసింది. “వానికి తెల్దు. వాన్ని వదిలేద్దాం,” అంది. “తెలిసినోడు అడగకపోతే ఏమనాలప్పా?”

ఎవరూ కాయ ముట్టుకోలేదు. నాయన తాడు అక్కడే పెట్టి వీధిలోకి పోయాడు. అవ్వ నా వైపు తిరిగి, “దాన్ని ముయ్యి పాపా. మన పాప వచ్చినాక మిగతాది చదువుదువు” అంది. తన కూతుర్ని ఆమె ఎప్పుడూ పాప అనే అనేది. తర్వాత, ఎవరితోనో తెలియకుండా, “నేను పొయ్యేలోపల ఒక్కసారన్నా దాని చేత్తో విత్తనం పడాల. నాకింకేం అక్కర్లేదు” అంది. పుస్తకాన్ని గోడ గూట్లో, పసుపు డబ్బా పక్కన పెట్టించింది.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే నాయన ఉతికిన పంచె కట్టుకుని, అమ్మను ఆకు వక్క, అరటిపళ్లు, రవికె గుడ్డ పళ్లెంలో సర్దమన్నాడు. నన్ను రమ్మన్నాడు. పళ్లెం ఆడమనిషి చేతిలో ఉండాలి. “అమ్మను తీసుకుపోకూడదా?” అంటే, “మీ అమ్మ వస్తే వదినా మరదళ్లు ముందు వాళ్లవాళ్ల సంగతులు తేల్చుకుంటారు. మన సంగతి రేపటికి పడుతుంది” అన్నాడు. అమ్మ నవ్వి ఊరుకుంది. అవ్వ మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. దూరంగా కొండల మీద గాలిమరలు కనిపించినప్పుడు అడిగాడు.

“పాపా, ఆ అన్న పొలం అమ్మేముందు చెల్లెలికి చెప్పాలని అనుకోల్యానా?”

“అనుకున్న్యాడు నాయనా. ఎట్ల చెప్పాలో తెలీక ఊరికే ఉండిపోయినాడు.”

“ఊ,” అన్నాడు.

అత్త ఇంటి వాకిట్లో నిలబడ్డాం. మామ చేనుకు పోయి ఉన్నాడు. అత్త చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి రా అనలేదు, రావద్దనలేదు. పక్కన నులకమంచం మీద ఆమె కూతురు, పురుటికి వచ్చినట్టుంది, చంటిపిల్లవాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్లను చూసి నాయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను. తిరగలేదు. చాప మీద కూర్చుని, నా చేతిలోని పళ్లెం అత్త ముందు పెట్టించాడు. బస్సు ఎండకు ఆకులు వాడిపోయి ఉన్నాయి.

“మా పెద్దోనికి నీ కూతుర్ని అడిగేకొచ్చినానమ్మా,” అన్నాడు.

మంచం మీద పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. చంటివాడు నాయనను గుడ్లప్పగించి చూస్తున్నాడు. మా అన్నయ్యకు కూడా అప్పటికి ఒక బిడ్డ. ఇంత వింత పెళ్లిచూపులు ఈ లోకంలో ఎక్కడా జరిగి ఉండవు. కానీ నాకు నవ్వు రాలేదు. మా నాయన చేతులు కట్టుకుని కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను.

అత్త పళ్లేన్ని చాలాసేపు చూసింది.

“ఇప్పుడు గుర్తొచ్చిందా?”

“అప్పుడే రావాల్సింది. చేసుకునేది లేదని తెలిసీ అడిగితే అబద్ధమైతాదనుకున్న్యా.”

“అబద్ధమైనా అడగాల. అడిగింటే నేనే వద్దనేదాన్ని. నీ కొడుకు మనసు యాడుండాదో నాకు తెల్దా? పిల్లను ఇయ్యం పో అని నేనే అనేదాన్ని. నా కూతురు తలెత్తుకోని ఉండేది, నువ్వూ తలెత్తుకోని పోయేవానివి. ఆ ఒక్క మాట నాకు మిగల్చకపోతివి కద అన్నా.”

నాయన తల దించుకున్నాడు. “నువ్వు సరే అనింటే?” అన్నాడు మెల్లగా.

“అంటానా? నేను అంత తెలివితక్కువదాన్నా?”

అత్త చేతికంటిన చింతపండు కొంగుకు తుడుచుకుంది. పళ్లెం రెండు చేతులా ఎత్తి నాయన ముందు పెట్టింది.

“అడిగినావు కద. చెప్తాండా. ఇయ్యం.”

“సరేమ్మా,” అన్నాడు నాయన.

“లేసి కాళ్లు కడుక్కో. సంగటి కెలికి పెడతా.”

వాళ్లిద్దరూ ఏడవలేదు. ఏడ్చింది నేనూ మంచం మీది పిల్లా. సంగటిలోకి ఊరిబిండి నూరింది అత్త. నాయన ఎప్పుడూ తినేదానికంటే ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నందుకు తిట్లు కూడా ఆయనే తిన్నాడు. ఎవరు వండితే ఎవరు తిట్టాలో ఆ ఇంట్లో లెక్క అట్లా ఉండేది. వెనక్కి ఇచ్చిన పళ్లెంలోంచి అరటిపళ్లు మాత్రం మనవడికని ఉంచేసుకుంది. బయలుదేరేటప్పుడు నాయన చెప్పులేసుకుంటూ, “పదునైతే కబురు పంపుతా. అమ్మ ఎదురు చూస్తాంది” అన్నాడు. విత్తడానికి నేల తగినంత తడిస్తే పదునైంది అంటాం.

“వాన రానీ. చూస్తాం,” అంది అత్త.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అవ్వ మళ్లీ మళ్లీ అడిగింది ఒక్కటే. “చూస్తాం అనిందా, వస్తా అనిందా?” చూస్తాం అనే అంది అని చెప్పడం నాకు కష్టంగా ఉండేది. అయినా అదే చెప్పాను, అవ్వ దగ్గర మాట మార్చితే మూడోసారికి పట్టుకుంటుంది.

ఇంక మిగిలింది వాన. మా ప్రాంతపు వాన సంగతి తెలిసినవాళ్లు మిగతాది ఊహించుకోగలరు. మృగశిర కార్తె పోయింది. ఆరుద్ర పోయింది. పునర్వసు కూడా గాలితోనే గడిచిపోయింది. రోజూ మధ్యాహ్నం పడమట మబ్బు కట్టేది, సాయంత్రానికి మా నెత్తి మీదుగా దాటి ఎవరి ఊరికో పోయేది. ఊళ్లో కొందరు విత్తనం కాయను నూనె మిల్లుకు తోలేశారు. మా ఇంట్లో ఒలిచిన పప్పు వేపాకు వేసిన గోతాముల్లో అట్లాగే ఉంది. అవ్వ పొద్దున్నే లేచి గోతాము మీద చెయ్యి పెట్టి చూసుకునేది, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. అందరూ పంట కోసం వాన రావాలని మొక్కుకుంటున్నారు. మా అవ్వ కూతురు రావాలంటే వాన రావాలని మొక్కుకుంటోంది. ఆ మొక్కు బయటికి చెప్పలేదు కానీ, ఆమె మబ్బును చూసే తీరులో అది కనిపించేది. నాకు కాలేజీ తెరిచారు. శనివారం శనివారం ఊరికి వచ్చేదాన్ని, బస్సు దిగగానే నేల వాసన చూసేదాన్ని.

పుష్యమిలో పడింది వాన. శనివారం సాయంత్రం నేను ఇంట్లో ఉండగానే. పెంకుల మీద చప్పుడు మొదలైతే అవ్వ పడసాలలోంచి వాకిట్లోకి నడిచి, మోచేతుల దాకా తడుపుకుంది. వాన నిలవగానే ఊళ్లో మగవాళ్లందరూ చేన్ల వైపు పరుగెత్తారు, మట్టి తవ్వి తడి ఎంత దిగిందో చూడడానికి. మా నాయన ఎస్టీడీ బూతు వైపు పరుగెత్తాడు. కంబదూరులో అత్త ఇంటి పక్క అంగడికి ఫోను చేసి, రేపే విత్తు అని కబురు చెప్పి వచ్చాడు.

ఆదివారం పొద్దున ఎద్దుల కొమ్ములకు పసుపు రాసి, గొర్రు కట్టి, చేను గట్టున బండిలో అవ్వను కూర్చోబెట్టాం. మొదటి బస్సు వచ్చే వేళ అయింది. ఎవరూ రాలేదు. చుట్టూ చేన్లలో గొర్రులు నడుస్తున్నాయి. గాలి లేచింది. మా ఎర్రనేలలో గాలి లేచిందంటే పదును కళ్ల ముందే ఆరిపోతుంది. ఎండ పైకొచ్చేకొద్దీ పక్క చేనాయన, “ఏమప్పా, ముహూర్తం చూస్తాండావా? నేల ఆరిపోతాంది” అని అరిచాడు. అమ్మ పప్పుల గిన్నె పట్టుకుని నాయన మొహం చూసింది, నన్ను వేయమంటావా అన్నట్టు. బండిలో అవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చూపు ఆనని కళ్లతో దారి వైపే చూస్తోంది. ఆ ఏడు పంట మొత్తం ఆ పూట పదును మీద ఉంది. నాయనకు అది నాకంటే బాగా తెలుసు.

ఆయన కాడి ఎత్తి ఎద్దులను విప్పేశాడు. వాటి ముందు గడ్డి వేసి, పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.

అమ్మ గిన్నె కింద పెట్టింది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, దండం పెట్టాలనీ అనిపించింది. ఎంతసేపు అట్లా కూర్చున్నామో చెప్పలేను. అవతలి చేన్లకు అడ్డంపడి ఒక మనిషి వస్తూ కనిపించింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. కాళ్లకు బెత్తెడు మందాన బురద. మాట వినపడేంత దగ్గరికి రాకముందే అరుపు మొదలుపెట్టింది.

“ఎద్దుల్ని ఇప్పేసినావేంది? పదును ఆరిపోతాంటే! బుద్ధుండాదా నీకు?”

వంక పారుతుంటే డ్రైవరు బస్సు నిలిపేశాడట. అక్కడి నుంచి వంక దాటి నడిచే వచ్చింది. అవ్వ బండిలోంచి చెయ్యి చాచింది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది. అవ్వ కూతురి మణికట్టు, గాజులు, మోచెయ్యి తడిమి చూసుకుంది, తర్వాత అమ్మ దగ్గర నుంచి గిన్నె అడిగి తీసుకుని, తన చేత్తోనే గుప్పెడు పప్పులు అత్త దోసిట్లో పోసింది. నాయన ఎద్దులను తిరిగి కట్టాడు. అత్త ఆ పప్పులు గొర్రు మీది గిన్నెలో వదిలి వెనకే నడిచింది. సగం సాలు దాటకముందే వంకర పోతోందని ఆయన్ని తిట్టడం వినిపించింది. బండిలో అవ్వ కళ్లు మూసుకుని ఆ తిట్లను వింటూ ఉంది. అంత సంతోషం ఉన్న మొహాన్ని నేను మళ్లీ చూడలేదు.

పంట సంగతి అడగొద్దు. ఆ ఏడు పూత రాలి ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఎద్దులకు మేతగా శనక్కాయ కట్టె మిగిలింది, మాకు మరుసటి ఏటి విత్తనం మిగిలింది. అవ్వ ఆ తర్వాత ఇంకా రెండు విత్తులు చూసి పోయింది. రెండిటికీ అత్త వచ్చింది. ఇప్పుడు ఆ చేనులో దానిమ్మ చెట్లున్నాయి, డ్రిప్పు పైపులున్నాయి. గొర్రు పశువుల కొట్టంలో గోడకు ఆనించి ఉంది. పడసాలలో ఎవరూ కాయలు ఒలవరు. నాకు మాత్రం పచ్చి శనక్కాయ వాసన తగిలితే చాలు, ఆ మధ్యాహ్నమంతా తిరిగి వస్తుంది.

ఆ విత్తిన రోజు మధ్యాహ్నమే, అన్నాలయ్యాక, అవ్వ గూట్లో పుస్తకం దించమంది. అత్తకు వెనకటి కథ తనే చెప్పింది, రెండు మాటల్లో. “అమెరికాలో గాలిమర ఇంటోళ్లని ఉండారు. అన్న పిల్లను అడగల్యా, చెల్లెలు వచ్చేది మానుకునింది.” నేను సరిదిద్దడానికి పోలేదు. మిగిలిన పేజీలు చదివాను. చివరికి ఆ చెల్లెలు ముసలిదై, ఒంటరిగా రైలు దిగి అన్న ఊరికి వస్తుంది. అప్పటికి అన్న పోయి చాలా రోజులైంది. ఇంట్లో వేరేవాళ్లెవరో ఉన్నారు. గాలిమర తుప్పు పట్టి తిరగడం మానేసింది. ఆమె నీళ్లు లేని తొట్టి గట్టు మీద కాసేపు కూర్చుని, సాయంత్రం రైలుకు వెళ్లిపోతుంది. అంతే కథ.

నేను పుస్తకం మూశాను.

“పాపం,” అంది అత్త. “అన్న అన్నేండ్లు బతికుండె కద. పిలిచేకి రాల్యానా?”

“రాల్యాత్తా. రావాలనుకుంటానే ఉన్న్యాడంట.”

బయట అరుగు మీది నుంచి నాయన అన్నాడు, “అన్నేండ్లూ వానికీ నిద్ర పట్టిండదు లే.”

అత్త అటు తల తిప్పలేదు. “నిద్ర పట్టకుంటే బస్సెక్కాల,” అంది.

అవ్వ చప్పుడు లేకుండా నవ్వింది.

“ఎక్కినా కదమ్మా,” అన్నాడు నాయన.